మనవాడే కదా!

క్రిందటి నెల కార్యవర్గ సమావేశానికి వచ్చిన సభ్యులకు అక్కడ జరిగిన గొడవ తెలుసు. రానివారికి ఈపాటికి ఫోన్ల ద్వారా తెలిసిపోయి ఉంటుంది. మన మస్కట్‌లో ఇంటి నుంచి ఇంటికి వార్త చేరటానికి ఎంతసేపు! ఆ గొడవ పడినవారిలో నేనొకణ్ణి. అంచేత ఆ సంగతి నేనే రాయటం న్యాయమనిపించి ఈ నాలుగు పేజీలూ తీసుకుంటున్నాను. సంపాదకులు క్షమించాలి.

జరిగింది ఇది. మన పిల్లలకు శుక్రవారం క్రికెట్టూ, శనివారం బాడ్మింటనూ నేర్పేవాళ్ళం ఆరుగురం ఉన్నాం. ఎవరమూ పైసా పుచ్చుకునేవాళ్ళం కాము. ఒకరు బ్యాంకులో, ఒకరు ఆస్పత్రిలో, నాబోటివాళ్ళు నిర్మాణ కంపెనీల్లో వారమంతా పని చేసుకుని, సెలవునాడు పొద్దున్నే పిల్లలతో గడుపుతాం. 2016లో రియోలో సింధు వెండి పతకం తెచ్చిన దగ్గరనుంచీ బాడ్మింటన్‌కూ, 2021లో మన ఇళ్ళకు కూతవేటు దూరంలో అమెరాత్ మైదానంలో టి20 ప్రపంచకప్పు ఆటలు జరిగిన దగ్గరనుంచీ క్రికెట్టుకూ పిల్లలు ఎక్కువయ్యారు. పిల్లలు పెరిగినకొద్దీ నేర్పేవాళ్ళు చాలటం లేదు. కొత్తవారిని పిలుచుకుంటున్నాం. ఎవరో ఒకరు "మావాడేనండీ, కాలేజీ రోజుల్లో జిల్లాకు ఆడాడు" అంటే చాలు, మర్నాటి నుంచి బ్యాటు చేతికిస్తున్నాం.

సమావేశం చివర 'ఇతర విషయాలు' అన్నచోట ఒక సోదరి లేచి, "పిల్లలకు ఆటలు నేర్పేవాళ్ళందరూ పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్టు చూపించాలని తీర్మానం చేద్దామండీ" అన్నారు.

ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తరువాత అందరూ ఒక్కసారే మాట్లాడారు. నేనయితే లేచి నిలబడి, "ఏడేళ్ళుగా ఎండలో నిలబడి మీ పిల్లలకు బ్యాటు పట్టుకోవటం నేర్పినందుకు ఇదా బహుమానం? మేమేమన్నా దొంగలమా? మనిషికి ఆత్మగౌరవం అనేది ఒకటుంటుంది" అన్నాను. చప్పట్లు కూడా పడ్డాయి. "మనవాడే కదా, పన్నెండేళ్ళనుంచి ఎరుగుదుం" అని ఒక పెద్దాయన నా తరఫున సాక్ష్యం పలికారు.

ఆ సోదరి కూర్చోలేదు. "అన్నయ్యగారూ, మీ మీద అనుమానం కాదండీ. రేపు మీకు సొహార్‌కో, సలాలాకో బదిలీ అయితే మీ స్థానంలోకి వచ్చేది ఎవరో మాకు తెలియదు. మిమ్మల్ని అడగని కాగితం ఆయన్ని ఏ ముఖం పెట్టుకుని అడగం?" అన్నారు.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఎవరి దగ్గరా లేదు. విషయం వాయిదా పడింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా కోపానికి అసలు కారణం ఆత్మగౌరవం కాదని నాకు తెలుసు. 1993లో, నేను కాలేజీలో చదివే రోజుల్లో, బస్సు చార్జీలు పెంచారని ధర్నా చేశాం. ఎవరో రాయి విసిరితే బస్సు అద్దం పగిలింది. పద్నాలుగు మంది మీద కేసు పెట్టారు, అందులో నేనొకణ్ణి. రెండేళ్ళు వాయిదాలకు తిరిగాక కోర్టు కొట్టేసింది. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. మా ఆవిడకు కూడా సగమే తెలుసు. పోలీసు కాగితం అనగానే నాకు ఆ అద్దం పగిలిన చప్పుడు వినిపించింది. సభలో ఆత్మగౌరవం అని నేను పిలిచింది నిజానికి భయం.

భయంతోనే ఈ విషయం గురించి చదవటం మొదలుపెట్టాను. చదివినవాటిలో మనకు పనికివచ్చేవి చెబుతాను.

ఈ పద్ధతి ఊరికే పుట్టలేదు. బ్రిటన్‌లో పాల్ హిక్సన్ అనే ఈత శిక్షకుడు ఉండేవాడు. 1988 సియోల్ ఒలింపిక్సుకు ఆ దేశపు జట్టును తీసుకువెళ్ళినవాడు. తన దగ్గర ఈత నేర్చుకున్న ఆడపిల్లలపై అత్యాచారాలు చేశాడని రుజువై 1995లో 17 ఏళ్ళ శిక్ష పడింది. అంత పేరున్న శిక్షకుణ్ణి అనుమానించటం ఎవరికీ తోచలేదు. ఆ తరువాతనే, 2001లో, ఆటల్లో పిల్లల రక్షణ కోసం అక్కడ ప్రత్యేకంగా ఒక విభాగం ఏర్పడింది.

మరుసటి సంవత్సరమే ఇంకో ఘోరం. 2002 ఆగస్టులో సోహమ్ అనే చిన్న ఊళ్ళో పదేళ్ళ పిల్లలిద్దరిని ఇయాన్ హంట్లీ అనేవాడు చంపాడు. అతను ఆ ఊరి హైస్కూల్లో కేర్‌టేకరు. అంతకుముందు వేరే జిల్లాలో అతని మీద చిన్నవయసు ఆడపిల్లల విషయంలో ఫిర్యాదులు చాలా వచ్చాయి. కాని ఏదీ శిక్షదాకా వెళ్ళలేదు, ఆ సమాచారం ఉద్యోగం ఇచ్చిన ఊరికి చేరలేదు. పైగా అతను తల్లి పుట్టింటిపేరు పెట్టుకుని ఉద్యోగంలో చేరాడు. పోలీసులు ఆ పేరుతోనే వెదికారు, పాత పేరుతో వెదకలేదు. 2004లో వచ్చిన బిచార్డ్ విచారణ నివేదిక ఈ లోపాలన్నీ వరసగా చెప్పింది. ఆ పైన అక్కడ చట్టాలు గట్టిపడ్డాయి.

ఒకే దేశంలో, పక్క జిల్లా నుంచి సమాచారం రాలేదు. మరి మన సంగతి ఏమిటి? మనలో చాలామంది గుంటూరులోనో కరీంనగర్‌లోనో పుట్టి, హైదరాబాదులో చదివి, దుబాయిలో నాలుగేళ్ళు, ఖతర్‌లో రెండేళ్ళు చేసి ఇక్కడికి వచ్చినవాళ్ళం. రాయల్ ఒమాన్ పోలీసు ఇచ్చే సర్టిఫికెట్టు ఒమాన్‌లో సంగతి చెబుతుంది. భారత రాయబార కార్యాలయం ద్వారా వచ్చే పీసీసీ మన దేశపు సంగతి చెబుతుంది. మధ్యలో ఉన్న ఆ ఆరేళ్ళూ రెండింటిలోనూ కనపడవు. నిన్న దిగినవాడు ఒమాన్ సర్టిఫికెట్టు తెచ్చి చూపిస్తే అది నిజమైన కాగితమే, కాని దానిలో చెప్పటానికేమీ లేదు. అంచేత కాగితం అడగదలిస్తే, పెద్దవాడయ్యాక ఏడాదికి పైగా నివసించిన ప్రతి దేశపు కాగితమూ అడగాలి. లేకపోతే అడిగామన్న తృప్తి మాత్రం మిగులుతుంది.

పేర్ల గొడవ ఒకటి ఉంది. తెలుగువాళ్ళ పేర్ల సంగతి తెలిసిందే కదా. స్కూలు సర్టిఫికెట్టులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. ఇక్కడి రెసిడెంటు కార్డుమీద ముందుది వెనక్కి, వెనకది ముందుకి పోయి, అరబ్బీలోకి మారి మనకే గుర్తుపట్టటం కష్టమవుతుంది. ఇందులో మోసం ఏమీ లేదు. కాని వెదికేవాడు ఏ పేరుతో వెదికాడో చూసుకోకపోతే దొరకవలసింది దొరకదు. కాగితం చూసేవారు పేరుతోపాటు పాస్‌పోర్టు నంబరూ, పుట్టిన తేదీ కూడా సరిపోల్చుకోవాలి.

మన దేశంలో ఈ విషయమై ఏ నియమమూ లేదని సభలో ఒకరన్నారు. నేనూ అదే అనుకున్నాను. అది పొరపాటు. పిల్లలపై లైంగిక నేరాల నుంచి రక్షణకు 2012లో పోక్సో చట్టం వచ్చింది. దాని కింద 2020 మార్చిలో వచ్చిన కొత్త నియమాలలో ఒకటి స్పష్టంగా ఉంది. పిల్లలు ఉండే సంస్థలూ, పిల్లలతో తరచూ పని ఉండే సంస్థలూ తమ సిబ్బంది అందరికీ పోలీసు విచారణ చేయించాలి. బడులూ, శిశు సంరక్షణ కేంద్రాలతోపాటు క్రీడా అకాడమీలనూ అందులో పేరుపెట్టి చెప్పారు. పాఠం చెప్పేవారనీ, చెప్పనివారనీ, పర్మనెంటు అనీ, కాంట్రాక్టు అనీ తేడా లేదు. అదీ ఒకసారి చేసి ఊరుకోవటం కాదు, కాలానుగుణంగా మళ్ళీ మళ్ళీ చెయ్యాలి. సర్టిఫికెట్టు దాని మీద ఉన్న తేదీ వరకే మాట్లాడుతుంది, మర్నాటి సంగతి దానికి తెలియదు. మనం ఎండాకాలం సెలవులకు ఇంటికి వెళ్ళి హైదరాబాదులోనో, విజయవాడలోనో, విశాఖలోనో పిల్లల్ని వేసవి శిబిరాల్లో చేర్పిస్తాం. ఫీజు ఎంతని అడిగేటప్పుడే ఈ నియమం సంగతి కూడా అడగండి. అడగటం తల్లిదండ్రుల హక్కు.

ఇంతవరకూ చదివాక, కాగితం తీసుకుంటే చాలు గదా అని నాకూ అనిపించింది. తరువాత చదివిన రెండు సంగతులు ఆ నమ్మకాన్ని కదిలించాయి.

మొదటిది మన దేశంలోది. 1990 ఆగస్టులో హర్యానాలోని పంచకులలో టెన్నిస్ నేర్చుకుంటున్న 14 ఏళ్ళ రుచిక గిరోత్రా మీద ఆ రాష్ట్ర లాన్ టెన్నిస్ సంఘం అధ్యక్షుడు అసభ్యంగా చెయ్యి వేశాడు. ఆ అధ్యక్షుడు ఎస్.పి.ఎస్. రాథోర్, పోలీసు శాఖలో ఇన్‌స్పెక్టర్ జనరల్. ఆ పిల్ల ఫిర్యాదు చేసింది. తరువాత బడి నుంచి ఆమె పేరు తీసేశారు. 1993 డిసెంబరులో ఆ అమ్మాయి ప్రాణం తీసుకుంది. ఆయన మాత్రం ఆ రాష్ట్రానికి పోలీసు అధిపతి కూడా అయ్యాడు. కేసు నమోదయింది 1999 డిసెంబరులో, శిక్ష పడింది 2009 డిసెంబరులో. ఆరు నెలల శిక్షను 2010లో పద్ధెనిమిది నెలలు చేశారు. 2016లో సుప్రీంకోర్టు నేరం రుజువయిందన్న తీర్పును నిలబెట్టి, శిక్షను మాత్రం అప్పటికి అనుభవించినదానికే పరిమితం చేసింది. ఆ తొమ్మిదేళ్ళూ ఆయన్ని పోలీసు సర్టిఫికెట్టు తెమ్మంటే అందులో ఏముండేది? ఆ సర్టిఫికెట్లు ఇచ్చే శాఖ ఆయనదే.

రెండవది అమెరికాలోది. లారీ నాసర్ అనే డాక్టరు ఆ దేశపు జిమ్నాస్టిక్సు జట్టుకు చాలా ఏళ్ళు వైద్యం చేశాడు. పిల్లలు పెద్దవాళ్ళకు చెబుతూనే ఉన్నారు, పెద్దవాళ్ళు "ఆయన అలాంటివాడు కాదు" అంటూనే ఉన్నారు. 2016లో పత్రికల్లో వచ్చేదాకా అతని పేర ఒక్క శిక్ష కూడా లేదు. 2018 జనవరిలో 150 మందికి పైగా ఆడవాళ్ళూ, ఆడపిల్లలూ కోర్టులో నిలబడి చెప్పుకున్నారు. 40 నుంచి 175 సంవత్సరాల శిక్ష పడింది. అంతకుముందు ఏ తనిఖీ చేసినా అతని కాగితం తెల్లగానే వచ్చి ఉండేది.

ఈ రెండు సంగతులూ చూసి "అయితే కాగితం దండగ" అనటానికి లేదు. తలుపుకు గడియ వేసుకున్నా కిటికీలోంచి దొంగ రావచ్చు. అలాగని ఎవరూ గడియ వెయ్యటం మానుకోరు. ఒకసారి శిక్షపడినవాడు ఊరు మార్చి, దేశం మార్చి, మళ్ళీ పిల్లల మధ్యకు చేరకుండా కాగితం ఆపుతుంది. ఇంతవరకూ పట్టుబడనివాణ్ణి ఆపేది మాత్రం మనం మైదానంలో పాటించే పద్ధతే.

మన పద్ధతి ఎలా ఉందో నిజాయితీగా చెప్పుకుందాం. తండ్రి కారు ఆపి పిల్లవాణ్ణి దించి, కూరగాయలకని వెళ్ళిపోతాడు. వచ్చేసరికి గంటన్నర. ఎండాకాలంలో పగలు ఆడలేం కాబట్టి ఆట చీకటిపడ్డాక మొదలై, ముగిసేసరికి తొమ్మిది దాటుతుంది. "మాస్టారూ, మావాణ్ణి రువీలో దింపేస్తారా, మీ దారే కదా" అని ఫోను వస్తుంది. నేనే ఎన్నోసార్లు ఒక్క పిల్లవాణ్ణి వెనకసీట్లో కూర్చోబెట్టుకుని అమెరాత్ కొండదారిన వచ్చాను. ఆ తల్లిదండ్రులకు నామీద నమ్మకం. ఆ నమ్మకం చూసి నేను సంతోషించాను గాని, రేపు ఇంకొకడి కారుకు కూడా ఇదే అలవాటు అక్కరకొస్తుందని ఆలోచించలేదు. ఇక్కడ మన పిల్లలకు తాతయ్యలూ, అమ్మమ్మలూ, మేనమామలూ పక్కింట్లో లేరు. మనూళ్ళో నలుగురి కళ్ళు చేసే కాపలా ఇక్కడ మనమే ఏర్పాటు చేసుకోవాలి.

అందుకు డబ్బేమీ అక్కర్లేదు. ఆట జరుగుతున్నంతసేపూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి, అందులో ఒకరు తల్లో తండ్రో అయితే మంచిది. శిక్షకుడు ఒక్క పిల్లను గాని, పిల్లవాణ్ణి గాని ఒంటరిగా కారులో ఎక్కించుకోకూడదు. పిల్లలు బట్టలు మార్చుకునే గదిలోకి శిక్షకుడు వెళ్ళకూడదు. ఆట సంగతులు తల్లిదండ్రులకు చెప్పాలి గాని, రాత్రిళ్ళు పిల్లల ఫోన్లకు విడిగా సందేశాలు పంపకూడదు. పోటీలకు వేరే ఊరు తీసుకువెళితే పిల్లల గదిలో శిక్షకుడు పడుకోకూడదు. ఇవి పాటించటం మంచి శిక్షకుడికి కష్టం కాదు. కష్టమనేవాణ్ణి ఎందుకని అడగాలి.

ఇహ నాబోటివాళ్ళ భయం సంగతి. పాత సంగతి ఏదైనా బయటపెట్టవలసి వస్తే, అది ఎవరికి చెప్పాలి, ఎంత చెప్పాలి? ఇది చిన్న ప్రశ్న కాదు. బ్రిటన్‌లో 1974లోనే ఒక చట్టం చేశారు. చిన్న శిక్షపడి, తరువాత కొన్నేళ్ళు బుద్ధిగా ఉన్నవాడు మామూలు ఉద్యోగాలకు ఆ సంగతి చెప్పుకోనక్కర్లేదు. పిల్లలతో చేసే పనికి ఈ వెసులుబాటు లేకుండేది. 2013 నుంచి ఆ పనులకు ఇచ్చే సర్టిఫికెట్టులో కూడా బాగా పాతవీ, చిన్నవీ వడగట్టి తీసేస్తున్నారు. లైంగిక నేరాలూ, తీవ్రమైన హింసా మాత్రం ఎన్నేళ్ళయినా వడకట్టరు. నాకు ఈ విభజన న్యాయంగా కనిపించింది. పిల్లలమీద నేరం చేసినవాడికి, హింసకు శిక్ష పడినవాడికి మన మైదానంలో చోటు ఉండకూడదు, అందులో మొహమాటం లేదు. కాని ఎప్పుడో చెక్కు చెల్లలేదనో, ధర్నాలో పట్టుకున్నారనో మనిషిని వెలివెయ్యకూడదు. ఆ తేడా ముందే రాసిపెట్టుకోవాలి. లేకపోతే నిర్ణయం మనిషి ముఖాన్నిబట్టి మారిపోతుంది.

రహస్యం కూడా అంతే ముఖ్యం. ఒమాన్‌లో 2022లో రాయల్ డిక్రీ 6/2022 ద్వారా వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. మనిషికి పడిన నేరశిక్షల వివరాలను మంత్రిత్వశాఖ అనుమతి లేకుండా సేకరించి, దాచి, వాడటానికి ఆ చట్టం ఒప్పుకోదు. కనుక అందరి సర్టిఫికెట్లకూ జిరాక్సులు తీసి కార్యదర్శిగారి బీరువాలో పెట్టటం, ఫోన్‌లో ఫొటో తీసి గ్రూపులో పంపటం పనికిరాదు. చూపించే పద్ధతి ఏదైతే చట్టానికి సరిపోతుందో ఇక్కడి వకీలును ఒకరిని అడిగి, ఆ తరువాతే తీర్మానం రాసుకోవాలి. నాకు తోచినంతవరకు, మనిషి తన కాగితం తనే తెచ్చుకుని, సంఘం నమ్మిన ఇద్దరు పెద్దలకు చూపించి, తిరిగి తన జేబులోనే పెట్టుకుపోవాలి.

ఒక మాట మిగిలింది. ఎన్ని చేసినా, ఏదో ఒకనాడు ఒక పిల్లో పిల్లవాడో వచ్చి ఏదో చెప్పవచ్చు. అప్పుడు మన మొదటి మాట "ఛ, ఆయన మనవాడే కదా" అనేది కాకూడదు. "సంఘం పరువు పోతుంది, మనలో మనం చూసుకుందాం" అనేది అసలే కాకూడదు. ఒమాన్‌లో రాయల్ డిక్రీ 22/2014 ద్వారా పిల్లల చట్టం ఉంది. పిల్లలపై హింసగాని, దుర్వినియోగంగాని జరిగితే బాలరక్షణ కమిటీలకు తెలియజేసే హక్కు ప్రతివారికీ ఇచ్చింది. డాక్టర్లూ, ఉపాధ్యాయులవంటివారికి పనిలో తెలిస్తే చెప్పటం విధి అంది. సామాజికాభివృద్ధి శాఖవారి బాలరక్షణ ఫోను నంబరు 1100. ఫ్రిజ్ తలుపుమీద గ్యాసువాడి నంబరు రాసిపెట్టుకుంటాం గదా, దాని పక్కన ఇదీ రాసుకోండి. పిల్ల చెప్పింది నిజమో కాదో తేల్చటం మన పని కాదు. పిల్ల మాట విని, తేల్చేవారి దగ్గరకు చేర్చటమే మన పని.

నా సంగతితో ముగిస్తాను. పోయిన వారం నేను రెండు దేశాల సర్టిఫికెట్లకూ దరఖాస్తు పెట్టాను. దానికంటే ముందు మా ఆవిడను కూర్చోబెట్టి 1993 నాటి కథ మొత్తం చెప్పాను. ఆవిడ విని, "ఇందుకా ఆ రోజు సభలో అంత కేకలు వేశారు?" అంది. తరువాత మన సంఘంలో ఇద్దరు పెద్దలకూ చెప్పాను. వారిలో ఒకరు నవ్వి, తాము కూడా ఆ రోజుల్లో ఒక రాత్రి లాకప్‌లో ఉన్నామన్నారు. ముప్ఫై ఏళ్ళుగా మోసిన బరువు పావుగంటలో దిగిపోయింది.

సభలో ఆ సోదరిని నొప్పించినందుకు ఈ పత్రికాముఖంగా క్షమాపణ కోరుతున్నాను. ఆవిడ మాటలో న్యాయం ఇప్పుడు నాకు పూర్తిగా అర్థమయింది. ఏ చరిత్రా లేని ఐదుగురం కాగితం చూపించటానికి నిరాకరిస్తే, చూపించలేని ఆరోవాడు మా మధ్య హాయిగా దాక్కుంటాడు. మేము చూపిస్తే వాడికి దాక్కోవటానికి చోటుండదు. వచ్చే సమావేశంలో ఆ తీర్మానం మళ్ళీ పెట్టమని కోరుతున్నాను. ఈసారి ప్రతిపాదించేది ఆ సోదరి అయితే, బలపరిచేది నేను.